పదకొండు కిలోలు

ముప్పై ఒక్కేళ్ళు కూమ్ హెలిగ్ లోయలో పురుళ్ళు పోశాను.
సంచీలో ఎప్పుడూ ఒక స్ప్రింగు కాటా,
కొక్కేనికి గుడ్డ ఉయ్యాల.
ఉద్యోగం వదిలాను గాని కాటా తిరిగివ్వలేదు.
ఎవరూ అడగలేదు కూడా.

ఇవాళ దాన్ని గరాజు దూలానికి కట్టి
కారులోంచి తీసిన పాత బ్యాటరీని వేలాడదీస్తే
ముల్లు ఆ చివరికంటా పోయి టంగుమంది.
పన్నెండు కిలోలు దాటిన బిడ్డ
ఆ కాటాకు తెలీదు మరి.
స్నానాలగదిలోని మిషను తెచ్చి చూశాం:
పద్నాలుగు కిలోల ఆరు వందలు.
అంతా సీసం, ఆమ్లం, అలవాటు.

"ఆ వెల్ష్ కేకులు మానెయ్, నెరిస్,
పైసా ఖర్చు లేకుండా పోతుంది పదకొండు కిలోలు"
అన్నాడు ఇదిస్, స్పానరు తుడుస్తూ.
నిజమే. కాని నా బరువు చక్రాల మధ్య కూర్చుంటుంది.
ఇది ముందు చక్రాలకన్నా ముందు, కారు ముక్కు మీద.
కొండ మీద మూడో మలుపులో
నేను లోపలికి రమ్మంటే
అది బయటికి చూస్తుంది.

రెండు వారాలు వంటింటి బల్ల మీద కాగితాలు.
ఒకటి రెండు కిలోలే, వేలెడంత.
పందెం కాగానే విప్పి ఇంట్లో పెట్టుకునే వాళ్ళది.
ఒకటి మరీ చవక,
లోపల కాపలా కాసే సర్క్యూటు లేదు.
చవగ్గా వచ్చే నిప్పు నాకొద్దు.
ఇంజను తిప్పి మీటరు పెట్టి చూసుకున్నాను,
మూడు వేల చుట్ల దగ్గర పద్నాలుగు పాయింటు నాలుగు.
పదిహేను దాటితే లిథియానికి పడదు.
దాటదు. సరే.
పింఛనులో రెండు వందల ఎనభై పౌండ్లు.
ఇదిస్‌కి నూట తొంభై అని చెప్పాను.

కొత్తది గుడ్డ ఉయ్యాలలో పెట్టాను.
ముల్లు వణికి, నిలబడింది.
మూడు కిలోల నాలుగు వందలు.
నా నోట్లోంచి వచ్చేసింది, పాత అలవాటు:
"చక్కటి బరువు."

ఉంగరం తీశాను, గడియారం తీశాను.
అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.
విప్పేటప్పుడు నలుపు తీగ ముందు,
బిగించేటప్పుడు నలుపు చివర.
తట్టలో సగం కూడా నిండలేదు,
అన్న చొక్కా తొడిగిన తమ్ముడిలా ఉంది.
పాత కూరగాయల చెక్క కోసి నాలుగు పక్కలా ముక్కలు దోపాం.
ఎర్ర తీగ నాలుగు వేళ్ళు చాలలేదు.
ప్లస్ ఎటువైపో చూడకుండా కొన్నదెవరు?
నేనే.
బ్యాటరీని వెనక్కి తిప్పి పెట్టాం, అందింది.
ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తుకోలేదు.

మే నెల మొదటి ఆదివారం.
మే అన్న మాటే గాని, తెల్లారి ఒక్క డిగ్రీ.
తాళం తిప్పాను.
టక్.
అంతే.
ఇదిస్ ఏమీ అనలేదు.
అనకపోవడంలో అతను దిట్ట.

లైట్లు వేశాను, వేసి ఊరుకున్నాను.
చలికి ముడుచుకున్నది అది,
కాస్త కరెంటు లాగితే లోపల వేడెక్కుతుంది.
ఒంటి నుంచి లెక్కపెట్టాను.
ఒక మంచు రాత్రి ఇలాగే
నీలంగా పుట్టినదాని వీపు తువ్వాలుతో రుద్దుతూ
లెక్కపెట్టాను నలభై దాకా.
ఆ పిల్ల పేరు గుర్తు లేదు.
ఆ గదిలో ఎవరూ ఊపిరి తీసుకోకపోవడం గుర్తుంది.

యాభై మూడు దగ్గర మళ్ళీ తాళం.
ఈసారి గుక్కపట్టి ఏడ్చింది ఇంజను,
గొర్రెలన్నీ తలెత్తేలా.

మూడో మలుపులో ముక్కు నా మాట విన్నది.
పోయినేటికన్నా అర సెకను తక్కువ.
రోడ్డు పొడిగా ఉందిలే అన్నాడు ఇదిస్.
అయ్యుండొచ్చు.

పాతదాంట్లో ఇంకా ప్రాణముంది.
పై పొలం గ్విలిమ్ పట్టుకెళ్ళి
కరెంటు కంచెకు తగిలించుకున్నాడు.
నిద్ర పట్టని రాత్రి కిటికీ తీస్తే వినిపిస్తుంది,
తడిగడ్డిలో టిక్, టిక్ అని.
బరువుగా ఉండటమే అక్కడ దాని పని:
గొర్రె తన్నినా కదలదు.