ఇరుక్కున్న మీట

సైదాపురం దాటినాక
ఫోన్లో గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి.
ఉపగ్రహం మాత్రం పైనుంచి చూస్తానే ఉంటుంది.
అంకెలిస్తుంది, మాట ఇవ్వదు.

అందుకే ఈ రెండు వాకీటాకీలు.
ఇస్కపల్లి రొయ్యల గుంటల కాపలాదారు
గుంటలెండిన ఏడు అమ్మేశాడు, జత పదకొండొందలు.
ఉప్పు వాసన ఇంకా పోలేదు.
ఒకదానికి యాంటెన్నా విరిగితే
ఖాజావలి క్లచ్ తీగతో అతికించాడు.

నేను దిబ్బ మీద. వాడు కింద, కంపలో.
దిబ్బంటే మట్టి కాదు,
మైకా గనిలోంచి తోడి పారబోసిన కాకిబంగారం.
అడుగేస్తే పెళపెళమంటుంది,
పదకొండు గంటల ఎండకి కళ్ళల్లో సూదులు గుచ్చుతుంది.
ముక్కూ మొహం తెలీని మనిషెవరో
ఇక్కడెక్కడో ఒక డబ్బా దాచి
అక్షాంశం, రేఖాంశం లోకానికి చెప్పి పోయాడు.
వెతుక్కోండి. దొరికితే పేరు రాసి మళ్ళీ దాయండి.
అంతే ఆట.
నిమ్మకాయల మండీలో లెక్కలు రాసే నాకు
పక్కన రూపాయి లేని అంకెలు ఇవే.

"వలీ, యాడుండావు? ఓవర్."
"పాత షెడ్డు గోడ కాడ. తుమ్మచెట్టు అడ్డం. ఓవర్."
"తూరుపుకి ఇరవై అడుగులు. గుంత చూసుకో. ఓవర్."
"చూసుకుంటాలే అబ్బా, నువ్వు జారి పడమాక. ఓవర్."

మండీలో టీ తాగేటప్పుడు
ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరిదీ ఎవరికీ చేరదు.
ఇక్కడ అట్టా కుదరదు.
ఒకడు నొక్కితే ఇంకొకడు నోరు మూసుకోవాల్సిందే.
పాతికేళ్ళ స్నేహంలో
వాడి వాక్యం చివరిదాకా విన్నది
ఈ బొంగురు పెట్టెలోనే.

ఉన్నట్టుండి గరగర ఆగలేదు.
వాడి మీట ఇరుక్కుంది.
వాడికి తెలీదు.
కంప గీరుకున్న చప్పుడు, చెప్పుకింద రేకులు విరిగిన చప్పుడు.
కౌజుపిట్ట ఒకటి వాడి పక్కన లేచి
నా అరచేతిలో రెక్కలు కొట్టింది.
తర్వాత ఊపిరి.
తర్వాత గొంతు, నాతో ఎప్పుడూ మాట్లాడని గొంతు.

"అమ్మీ, ఇదేనా నీ షెడ్డు?
ఈ గోడకేనా ఆనుకోని రేకులు చీల్చింది?
రాత్రి అన్నం పెడతా ఉంటే నీ వేళ్ళు మెరిసేవి,
ఆ మెరుపు కోసం నేను కంచంలో వెతికేవాణ్ణి.
దగ్గుతా దగ్గుతా నవ్వేదానివి."

నేను నొక్కాను. పోదు.
వాడి మీట లేస్తేగానీ నా మాట చేరదు.
"వలీ, వినపడతా ఉందిరా!" అని అరిచాను.
గాలి ఆ అరుపుని రాపూరు కొండల వైపు ఎత్తకపోయింది.
ఆపేసే చక్రం బొటనవేలి కిందే ఉంది.
తిప్పలేదు.
అది దొంగతనమో, తోడో, ఇప్పటికీ తేలలేదు నాకు.

చాంద్‌బీని ఒకసారే చూశాను, గూడూరు ఆస్పత్రి వరండాలో.
కొంగు ముడిలోంచి ఒక రేకు తీసి
నా కంటికి అడ్డం పెట్టి,
"పొయ్యిలో ఏసినా కాలదు నాయనా ఇది" అంది.

క్లిక్కుమంది.
"ఏంది, ఉలుకూ పలుకూ లేదు? దొరికిందిరా. ఓవర్."

గోడ పగుల్లో, మూడిటుకల వెనక, స్టీలు టిఫిను డబ్బా.
లోపల వేలెడంత ఉదయగిరి చెక్క గరిటె,
ఒక గోలీ, అక్షరాలు వెలిసిన కావలి రైలు టిక్కెట్టు,
నలభై పేజీల నోటుపుస్తకం.
మాకు ముందు ఆరుగురు.
ఏదన్నా తీసుకుంటే ఇంకేదన్నా పెట్టాలని నియమం.
వాడు ఏమీ తీసుకోలేదు.
జేబులోంచి అరచెయ్యంత రేకు తీసి
చొక్కాకి తుడిచి పుస్తకం నడుమ పెట్టాడు.
రెండు పేర్లు రాస్తాడనుకున్నా.
మూడు రాశాడు.

బండి దగ్గర
మీట సందులో మెరుపుపొడి గోటితో గీకి,
"ఇదీ దీని రోగం. ఎంతసేపట్నించి ఇరుక్కునుందో" అన్నాడు.
"ఇప్పుడే అయ్యుంటుంది" అన్నాను.
నా వైపొక చూపు చూసి
కిక్కు కొట్టాడు.

పొదలకూరు రోడ్డెక్కినా
పెట్టెలు ఆపడం ఇద్దరికీ గుర్తు రాలేదు.
సంచిలో, మా ఇద్దరి నడుమ,
గరగరమంటానే ఉన్నాయి.