పది తులాల వెండి

కూర్చో బాబూ, మేకతోలు పరిచాను.
మిస్పా నుంచి యబ్బోకు ఏరు దాటి ఇంత దూరం
నా ముడతల మొహం చూడ్డానికి రాలేదు నువ్వు.
ఆయన గెలిచిన ఊళ్ళు ఇరవై.
అది ఎవరైనా చెప్తారు.
నన్నడగాల్సింది వేరే.

అప్పటికి నాకు పదమూడేళ్ళు.
పేరు హొగ్లా, అంటే కౌజుపిట్ట.
ఆమెకంటే బెత్తెడు పొట్టి.
ఆమె చెప్పులు నాకు వదులు.

యుద్ధానికి పోతూ మొక్కుకున్నాడు.
గెలిచొస్తే, తన గుమ్మం దాటి
ముందు ఎదురొచ్చిన ప్రాణం దేవుడిది,
మంట మీద.

గుమ్మంలోంచి ఏం వస్తుందనుకున్నాడు?
మేకలు తప్పెట కొడతాయా?
గెలిచినవాడికి ఎదురెళ్ళి ఆడేది ఆడపిల్లలేనని
గిలాదులో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.
ఇంట్లో ఉన్నది ఒక్కతే కూతురని
ఆయనకి తెలీదా?
ఇది రాయి. సిరా ఆరకముందే రాయి.

ఆమెను చూసి బట్టలు చింపుకున్నాడు.
ఎంత పని చేశావే తల్లీ, అన్నాడు.
చేసింది ఆమె అట!
కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమంటారు కదా.
జారింది ఆయన నోరు.
కాలింది ఆమె.

రెండు నెలలు గడువడిగింది.
ఆమె కాక ఆరుగురం కొండెక్కాం.
ఏడవడానికి వెళ్ళామంటారు. ఏడ్చాం, నిజమే,
కానీ మూడో రోజుకి ఆకలేసింది.
పచ్చి అత్తికాయలు తిని కడుపునొప్పి తెచ్చుకున్నాం.
ఒక రాత్రి గడ్డానికి మేకవెంట్రుకలు పెట్టుకుని
అచ్చం తండ్రిలా నడిచి చూపించింది.
పడీ పడీ నవ్వాం.
తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

యొర్దాను అవతలి గాడిదల కాపరి ఒకడు
పాత కథ చెప్పాడు:
ముసలి తండ్రి, కట్టెల మోపు, కొడుకు, కత్తి,
చివర్లో పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు.
మర్నాటి నుంచి మేం ఏ పొదనీ వదల్లేదు.
పాము కుబుసం దొరికింది. కుందేలు దొరికింది.
గిలాదులో పొట్టేళ్ళకేం కరువు?
మా నాన్నకే నలభై ఉండేవి.
ఆగు అనే గొంతుకే కరువొచ్చింది.

ఆ తండ్రిని దేవుడే అడిగాడు, దేవుడే ఆపాడు.
ఈయన్ని ఎవరూ అడగలేదు.
అడగని బలిని ఆపడం ఎవరి పని బాబూ?
ఆకాశానిదా?
కట్టెలు పేర్చిన కూలివాళ్ళదా?
దూరంగా నిలబడి
తలలు వంచుకున్న మా ఊరిదా?

మహలా తాత లేవీయుడు. ఆ పిల్లకే గుర్తొచ్చింది,
మొక్కిన మనిషిని వెల కట్టి విడిపించుకోవచ్చని.
మగపిల్లాడికి ఇరవై తులాల వెండి.
ఆడపిల్లకి పది.
సగం ధర అయినందుకు
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సంతోషించాం.
కడియాలు, ముక్కుపుడకలు, మా అమ్మ దాచిన బిళ్ళ.
తూచాం. సరిపోయింది.

నేనే పరిగెత్తాను, షిలోహుకి.
మొక్కింది ఆయన, ఆయన్నే రమ్మను, అన్నాడు పూజారి.
ఆయనేమో, దేశానికి పెద్దని,
ఇంకొకడి గుమ్మం నేను తొక్కాలా, అన్నాడు.
ఇద్దరి మధ్యా మూడు రోజుల నడక.
రెండుసార్లు తిరిగాను.
చెప్పు తెగింది.
గడువు కూడా.

ఆ రోజు సంగతి అడక్కు.
గాలి మా వైపు వీచింది, అంతే.

ఇప్పుడు రాసింది చదువు.
ఊఁ. తండ్రి పేరుంది, ఆయన తండ్రి పేరుంది,
ఓడిపోయిన రాజుది కూడా ఉంది.
ఆమె పేరుండాల్సిన చోట
కూతురు అని రాశావు.

చెప్తాలే, తొందరేం.
ముందు ఆ గూట్లో త్రాసు దించు.
ఈ మూట విప్పు. నల్లబడింది గానీ వెండే.
తూచు,
తక్కువైందేమో చూడు.