బొటనవేలికి తడి

ఇరవై రెండేళ్ళుగా
నోట్లు లెక్కపెట్టే ముందు
నా బొటనవేలు దానంతట అదే
నాలుక దగ్గరికి వెళ్ళొచ్చేది.
టిక్కెట్ల మిషను వచ్చాక కూడా పోని అలవాటు.
"నూకరత్నం లెక్క తడి లెక్క, తప్పు పోదు"
అని డిపోలో నవ్వేవారు.

ఇవాళ వేలు వెళ్ళింది.
పొడిగా వెళ్ళి పొడిగా వచ్చింది.
పది నోట్లు అంటుకున్నవి అంటుకున్నట్టే పోయాయి.
రాత్రి క్యాష్ కట్టేటప్పుడు ముప్పై తక్కువ.
నా పర్సులోంచి వేశాను.

గొంతు కోసి గడ్డ తీసింది శ్రావణంలో.
మిగిలిన పిలకల కోసం మాఘంలో మాత్ర.
దానికి ముందు రెండు వారాలు
చేప లేదు, రొయ్య లేదు, సముద్రపు ఉప్పు లేదు.
జాలరిపేట పోలమ్మ గంప నెత్తిన పెట్టుకుని
మా వీధి తప్పించి నడిచేది.

మాత్ర సీసపు డబ్బాలో వచ్చింది.
నర్సు పిల్ల గుమ్మం అవతలే నిలబడి
"నీళ్ళు బాగా తాగండమ్మా,
రేపట్నుంచి నిమ్మ బిళ్ళలు చప్పరించండమ్మా"
అని గోడకి చెప్పినట్టు చెప్పింది.
చిన్న పెట్టె ఒకటి నా మెడకేసి చాపితే
కీచురాయిలా అరిచింది.

ఆ తర్వాత ఈ ఎండ.
డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు.
నాకు నా భాషలో అర్థమైంది:
మందు గొంతు దగ్గర దిగాలి.
టిక్కెట్టు అక్కడికే.
కొందరు కునుకు తీసి
చెవి కింద ఒకరు, దవడ కింద ఒకరు దిగిపోయారు.
దిగినవాళ్ళు ఊరుకుంటారా?
అక్కడున్న ఊటబావుల్లో మట్టి పోసి పోయారు.

ఈ ఊళ్ళో దేనికి లేదు తడి?
బస్సు కడ్డీకి తడి, కాకీ చొక్కాకి తడి,
అప్పడం డబ్బాలోనే మెత్తబడుతుంది,
జాడీలో ఉప్పు కూర్చున్నచోటే కరిగిపోతుంది.
నా నోట్లో ఒక్కచోటే రోహిణీ కార్తె.

"హనుమంతవాక" అని కేకెయ్యబోయి
'హను' దగ్గర నాలుక అంగిట్లో అతుక్కుంది.
అంత పొడుగు పేరు ఎవరు పెట్టారో!
డ్రైవరు గౌరీసు అద్దంలో చూశాడు.
ఏటయిందని అడగలేదు.
హారన్ రెండుసార్లు కొట్టాడు.
అప్పట్నుంచీ ఆ స్టాపుకి మా బస్సులో
ఆ రెండు హారన్లే పేరు.

డ్యూటీ దిగి బీచ్ రోడ్డులో
పచ్చిమామిడి ముక్క కొన్నాను, ఉప్పూ కారం అద్దించి.
నోరూరాలి.
నోరూరలేదు, బుగ్గ ఉబ్బింది,
చెవి కింద గోలీకాయంత.
గట్టు మీద కూర్చుని, కొంగు చాటున,
చెవి నుంచి పెదవి వైపుకి వేళ్ళతో
నొక్కి నొక్కి రాశాను.
చాలాసేపటికి ఒక్క చుక్క జారింది.
ఉప్పగా.
ఎదురుగా ఉన్నదాన్ని అడిగాను,
నీదా, నాదా?

ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో
మనవరాలు నైనికని దగ్గరికి రానివ్వలేదు.
గుమ్మంలోంచే అడిగేది:
"అమ్మమ్మా, నీ లోపల లైటు ఎలుగుతందా?"
నా గ్లాసు వేరు, నా కంచం వేరు,
నా ఎంగిలి అంటే నాకే భయం.

గడువు ఎప్పుడో తీరింది. భయం తీరలేదు.
నిన్న అది నిమ్మ బిళ్ళని గౌను అంచులో పెట్టి
పటుక్కున కొరికి
సగం నా చేతిలో పెట్టింది.
"కాకెంగిలి. తప్పులేదు. తిను."

తీపో పులుపో తెలీలేదు.
పలుగురాయి ముక్కలా దొర్లింది నోట్లో.
"బాగుందా?" అంది.
చెవి కింద సన్నగా పోటు లేచింది,
ఎండిన బావిలో
ఎవరో బొక్కెన దించినట్టు.
"బాగుందే" అన్నాను.

డిపోలో క్యాషియర్ తన బల్ల మీది
తడి స్పాంజి డబ్బా నాకిచ్చేశాడు.
సంచీలో పెట్టుకు తిరుగుతున్నాను.
వేలికి ఇంకా అలవాటు కాలేదు.
ముందు నాలుక దగ్గరికే వెళ్తుంది,
అక్కడ కాసేపు నిలబడి,
అప్పుడు డబ్బా వైపు వస్తుంది.