ఎద ఎత్తున

అంకీస దాటాక తారు ఆగిపోతుంది.
అక్కణ్ణించి ఎర్రమట్టి, మోదుగ పొదలు, నా మోటారు సైకిలు.
సంచిలో టేపు, రంగు డబ్బా,
మరాఠీలో అచ్చయిన నలభై కాగితాలు.
చెట్టుకొక వరస.

తోర్రెం రాజుబాయి పొలం ఎకరం ముప్పావు.
గట్టు మీద రెండు ఇప్పచెట్లు, మడి నడుమ ఒకటి,
మూలకు నల్లమద్ది, దాని నీడలో నాలుగు సాళ్ళు
గింజ పట్టని వరి.
సాత్‌బారాలో వరి ఉంది, బావి ఉంది,
చచ్చిపోయిన మామ పేరు ఇంకా బతికే ఉంది.
చెట్లు లేవు.

"కొలువు," అంది.
"ఇంతదాంక కొట్టెటోళ్ళే కొలిచిన్రు."

నేల నుంచి నూట ముప్పై సెంటీమీటర్లు.
కాగితం దాన్ని ఎద ఎత్తు అంటుంది,
ఎవరి ఎద అన్నది చెప్పదు.
ఆమె వచ్చి పక్కన నిలబడితే
నా గీత ఆమె గడ్డానికి తగిలింది.
"మీ కంపెనీ పొడుగు మనిషి గావచ్చు."

చెట్టు పేరు దగ్గర మోహ అని రాశాను.
ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నేర్చినవాణ్ణి,
ఆ మాట మా ఇంట్లో వేరే పని చేస్తుంది.
చదివి వినిపించేటప్పుడు ఇప్ప అనే అన్నాను.

తర్వాత, నేర్పిన మాటలు:
చెట్టు పొగ తాగుతుంది, ఒంట్లో దాచుకుంటుంది,
దాచినందుకు ఎక్కడో ఎవరో డబ్బిస్తారు,
ఎండ కాస్త దారికొస్తుంది, వాన కూడా.
వాన అనగానే తలెత్తింది.
కార్తీకంలో కోసి పరిచిన పనల మీద
మూడు రోజులు కురిసిందట. పనల్లోనే మొలకలు.
మడి నడుమ ఇప్ప కిందికి ఈడ్చినవి మాత్రం
సగం దక్కాయట.
ఆ సగానికి నా దగ్గర గడి లేదు.

"పొగ ఎవలిది?"
పట్నాలది.
"పైసలు?"
వాళ్ళవే.
"ఇప్ప?"
నీదే అన్నాను, కాగితం తిప్పి చూసుకుని.

తొమ్మిదో షరతు దగ్గర ఇద్దరం ఆగాం.
చెట్టు కింద నిప్పు పెట్టరాదు.
ఆమె ఏటా ఫాల్గుణంలో ఆకు కాలుస్తుంది.
నేల నల్లబడితేనే తెల్లారగట్ల రాలిన పువ్వు
కంటికి ఆనుతుంది. పాము కూడా.
"పువ్వు ఏరకుంటే ఎండకాలం ఏం దింటం?"
శిక్షణలో ఆ ప్రశ్న రాలేదు.
వేలిముద్ర వెయ్యలేదామె. కాదనీ అనలేదు.
ఒక్క చెట్టుకు ఎర్ర గీత గీయనిచ్చింది.

మార్చిలో మళ్ళీ వెళ్ళాను, చీకటి ఉండగానే.
ఇప్ప కింద చీరలు పరిచి ఉన్నాయి,
ఒకటి నీలంది, ఒకటి జరీ ఊడిపోయింది,
అంచుల మీద రాళ్ళు.
ఆమె, మనుమరాలు వనిత గొంతుక్కూర్చున్నారు.
టప్‌మని ఒకటి. కాసేపు ఏమీ లేదు.
మళ్ళీ రెండు, నీళ్ళు నిండిన మెత్తని బరువు.
"నిప్పు పెట్టలే ఈ ఏడు.
చీరలు పాడైనయ్. రాసుకో, రెండు."
రాసుకున్నాను, గడులు అయిపోయిన చోట, అంచులో.

చుట్టుకొలత నూట ఎనభై ఆరు.
పుష్యంలోనూ అంతే.
ఇన్ని రోజులు చెట్టు ఏ పనీ చేయనట్టు.

ఆఫీసులో టేపు విప్పితే
మధ్యన నలిగి అంటుకున్న ఒక పువ్వు.
గది నిండా వాసన.
సారు కళ్ళజోడు తీసి అడిగాడు,
"పొద్దున్నే తాగొచ్చినవా?"