బుడమేరు తాగని బండి

"ఇక్కడ కొనకు చెల్లెమ్మా" అన్నాడు మీరావలి.
"ఆ యేడు మునిగిన బళ్ళన్నీ
సీట్లు మార్చుకుని, సెంటు కొట్టుకుని
ఆటోనగర్లో పెళ్ళిచూపులకి కూర్చున్నాయి.
బుడమేరు తాగని బండి కావాలంటే
పైకి వెళ్ళాలి."

పైకంటే హైదరాబాదు.
దిల్‌సుఖ్‌నగర్ సందులో
లచ్చయ్య సారు వెండిరంగు వ్యాగనార్.
మీరావలి ముందు బానెట్ జోలికెళ్ళలేదు.
కింద పట్టా ఎత్తి, మోకాళ్ళ మీద వంగి
వాసన చూశాడు.
ఒండ్రు లేదు.
అగరొత్తుల నుసి, ఎండిన బత్తాయి తొక్క.

తాళాలిస్తూ సారు చెప్పినవి:
ఎడమ తలుపు రెండు దెబ్బలు తినందే పడదు.
స్టీరింగ్ కుడికి తిప్పితేనే హారన్ మోగుతది.
మూడో గేరుకి బతిమాలుడు కావాలె.
"పైలం బిడ్డా" అన్నాడు ఆఖర్న.
చెయ్యి మాత్రం బండి మీదుంది.

నేను నలభై నాలుగేళ్ళకి నేర్చుకున్నదాన్ని.
సూర్యారావుపేట ల్యాబులో
పొద్దస్తమానం జనం నరాలు వెతికే వేళ్ళు
వణక్కపోగా, ఇక్కడ చెమటలు పట్టాయి.
పక్క సీట్లో మీరావలి
చౌటుప్పల్ దాకా ఉత్తకాళ్ళతో బ్రేకులేశాడు.
తర్వాత నోరు తెరిచి నిద్రపోయాడు.
అంతకుమించిన లైసెన్సు
ఏ ఆఫీసూ నాకివ్వలేదు.

ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు.
ఎన్వోసీకి పదిహేడు రోజులు తిరిగిన కాళ్ళు
అందులో మడతపెట్టి ఉన్నాయి.
కోదాడ దాటాక, పాలేరు వంతెన దాటాక
గరికపాడు దగ్గర కానిస్టేబులు చెయ్యెత్తాడు.
అద్దం దించాను. ఫైలు తెరవబోయాను.
ఆయన వంగి నంబరు ప్లేటు చూశాడు.
ఏపీ ఇరవై తొమ్మిది.
"మన బండేగా, వెళ్ళండమ్మా."

ఇది పుట్టిన యేడు ఇక్కడ గీతే లేదు.
దీనికి రెండేళ్ళప్పుడు గీశారు,
ఇంటిని అటుంచి
పేరుని ఇటు పడేసి.
ఫైలు మూశాను. కాస్త చిన్నబోయాను కూడా,
ఎవరైనా ఒక్క కాగితం అడిగుంటే బావుండునని.

చిల్లకల్లు టోలు. గేటు దానంతటదే లేచింది.
రెండు నిమిషాలకి ఫోను.
"మెసేజొచ్చింది బిడ్డా. అవుతల పడ్డట్టేనా?"
ఫాస్టాగ్ ఇంకా ఆయన పేరునే ఉంది.
"పడ్డాం సారూ, డబ్బులు ఫోన్‌పే చేస్తాను."
"పైసలకేంది..." కాసేపాగి,
"మూడో గేరు?"
"వింటోంది."
పంతంగి, కొర్లపహాడ్ మెసేజులూ వచ్చే ఉంటాయి.
వాటికి ఎందుకో చెయ్యలేదు.

కంచికచర్లలో టీ.
గుడ్డ కోసం డ్యాష్‌బోర్డు అర తెరిస్తే
నల్లట్ట పుస్తకం. తేదీ, లీటర్లు, కిలోమీటర్లు,
పన్నెండు పైచిలుకు ఏళ్ళు, ఒకే చేతిరాత.
మధ్యలో ఒకచోట:
"జూన్ రెండు. పెట్రోలు పొయ్యలె.
మస్తు పటాకులు. అద్దాల మీద గులాలు."
ఆ రోజు మా ల్యాబులో
టీవీ ఎవరో కట్టేశారని జ్ఞాపకం.

చివరి లైను, ఇవాళ్టిది:
"ఫుల్ ట్యాంక్. పొద్దుగాల ఎనిమిదింటికి బండి పోయింది."

మా వైపు పోయిందంటే
చచ్చిపోయినట్టు, కాకపోతే దొంగలెత్తుకెళ్ళినట్టు.
వాళ్ళకి వెళ్ళినట్టే, అంతే.
ఆయన రాసింది ఏ పోవడమో
టీ చల్లారినా తేలలేదు.

రాణిగారితోటలో మా సందు
బండికి చాలలేదు.
హారన్ కొట్టాలంటే కుడికి తిప్పాలి,
కుడివైపు సువార్తమ్మ గారి గోడ.
మీరావలే దిగి ముందు నడుస్తూ
"జరగండి, జరగండి" అని అరిచాడు.
ఇడ్లీ బండి జరిగింది. రెండు స్కూటర్లు జరిగాయి.
మంచం మీద ముసలాయన మాత్రం
కాళ్ళు ముడుచుకుని ఊరుకున్నాడు.

రాత్రి సెల్లు లైటేసుకుని
ఆయన లైను కింద
"బండి వచ్చింది" అని మొదలుపెట్టి
"బండి" దగ్గర ఆగిపోయాను.
పక్కన కిలోమీటర్లు వేశాను,
ఆయన అంకె వదిలిన చోటునుంచే.

దిగి ఎడమ తలుపు వేశాను. పడలేదు.
రెండు దెబ్బలూ కొట్టాను.
కొత్త చోటు కదా,
మూడోది అడిగింది.