హారన్ వద్దన్నాను

వస్తుంది వస్తుంది అంటూ
ఏడు నెలలు.
ఆటుపోట్ల క్యాలెండర్ మీద
హానుస్ పెన్సిలుతో సున్నా చుట్టేవాడు,
చెరిపేవాడు, ముందుకు జరిపేవాడు.
గొర్రెల ఉన్ని కత్తిరించేలోపు అన్నారు.
గొర్రెలు కొండ దిగేలోపు అన్నారు.
అక్టోబరులో ఓడ బయల్దేరింది, గాలి లేచింది.
మా ఫారో దీవుల్లో గాలికి క్యాలెండర్ లేదు.
తొమ్మిది రోజులు తోర్షావ్న్ రేవు బయట
ఓడ ఊగుతూ నిలబడింది.
అతను రాత్రిళ్ళు లేచి
ఫోన్లో ఆ ఓడ చుక్కను చూసుకునేవాడు,
జ్వరం తగిలిన పిల్ల నుదురు తాకి చూసినట్టు.

ఎదురింటి ట్రోండుర్‌కి ఇదంతా వేళాకోళం.
"గొర్రెలు నీ వైరు నమిలేస్తాయి చూడు.
సొరంగంలో ఆగిపోతే
సముద్రం అడుగున ఎవర్ని పిలుస్తావు?"
హానుస్ జవాబు చెప్పలేదు.
ముప్పై ఏళ్ళు చేపల పడవల ఇంజన్లకి చెవి ఒగ్గినవాడు,
మనుషులతో మాట
అవసరమైతేనే.

పాత డీజిల్ బండిని ఆగస్టులోనే అమ్మేశాం.
అది నిలబడ్డ చోట కంకర మీద
గిన్నె మూతంత నూనె మరక.
వాన దాన్ని కడగదు,
రంగులు మాత్రం పూస్తుంది.

చివరికి వచ్చింది.
బూడిద రంగు అడిగాం, తెల్లది వచ్చింది.
"పొగమంచులో వెతుక్కోవాలి" అన్నాను.
తాళంచెవి దూర్చే కన్నం కోసం
అతని బొటనవేలు తలుపంతా తడిమింది.
కూర్చున్నాను. సీటు అప్పటికే వెచ్చగా ఉంది,
ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.
నాకది నచ్చలేదు. కాసేపటికి నచ్చింది.
కొండ ఎక్కాం,
కడుపులో చల్ల కదలకుండా అంటారే, అలా.
ఇన్నాళ్ళూ ఇంజను చాటున దాక్కున్నవన్నీ
ఒక్కసారిగా బయటపడ్డాయి:
టైర్ల కింది తడి, నా కోటు జిప్పు,
ఆలోచనలో పడ్డప్పుడు పళ్ళ మీద నాలుకతో
అతను వేసే తాళం.
పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళకి.

వంపు దగ్గర గొర్రెలు.
పాత బండిని మైలు దూరాన పసిగట్టి
తిట్టుకుంటూ లేచేవి.
దీన్ని ఖాతరు చెయ్యలేదు.
హానుస్ అద్దం దించాడు, గొంతు సవరించుకున్నాడు.
"కాస్త జరగండమ్మా" అన్నాడు.
నేను కిటికీ వైపు తిరిగి నవ్వాను.

అసలు చిక్కు ఇంట్లో వచ్చింది.
రోజూ నాలుగున్నరకి
లోయ అవతల సొరంగం నోట్లో డీజిల్ దగ్గు.
బండి అమ్మాక, బస్సు బ్రేకుల కీచు.
అది వినగానే దుంపలు పొయ్యి మీద పెట్టేదాన్ని.
స్నార్ తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చునేది.
నేను పాడటం ఆపేదాన్ని.

పాడతానని ఎవరికీ తెలియదు.
గొప్ప గొంతేం కాదు. చేపలు ఎండబెడుతూ
మా అమ్మమ్మ పాడినవి.
సగం మాటలు పోయాయి, పోయినచోట
నావి పెట్టుకున్నాను:
కరెంటు బిల్లు, మోకాలి నొప్పి, ట్రోండుర్ ముక్కు.

ఆ గురువారం ట్రోండుర్ ముక్కు మీదే ఉన్నాను,
గట్టిగానే.
తిరిగి చూస్తే గుమ్మంలో అతను,
టోపీ చేతిలో,
చర్చికి ఆలస్యంగా వచ్చినవాడిలా.
ఎంతసేపయిందో.
కుక్కకీ తెలియలేదు, సిగ్గుతో తోక ఊపింది.
దుంపలు ఇంకా చన్నీళ్ళలోనే.

పొద్దుపోయాక తిన్నాం.
బాగుందనలేదు, బాగాలేదనలేదు.
ఉప్పు అందుకుంటూ,
"రేపట్నుంచి మలుపు దగ్గర హారన్ కొట్టనా?" అన్నాడు.
ఉడికిన దుంప తొక్క
తెగకుండా చివరిదాకా తీశాను.
"వద్దు" అన్నాను.

రాత్రి మళ్ళీ గాలి.
ఎవరిదో కోళ్ళగూడు తలుపు కొట్టుకుంటోంది.
కొండ మీద మరలు తిరుగుతున్నాయి.
ఓడను తొమ్మిది రోజులు రానివ్వని గాలే
ఇప్పుడు తీగ పట్టుకుని కొండ దిగి
గోడ పక్క తెల్లబండిలోకి చేరుతోంది.
అరవై రెండు. అరవై మూడు.
హానుస్ లేచి చూసివచ్చి పడుకున్నాడు.
చీకట్లో ఏదో కూనిరాగం తీసినట్టనిపించింది.
గాలేమో కూడా.
అడగలేదు.