గజం ఎడమకి

కాల్యుమెట్‌లో సెప్టెంబరంటే
మంచు ఇంకా బాకీ ఉన్న నెల.
రోడ్డుకి రంధ్రాలు వేస్తున్నాం,
నాలుగడుగులకొకటి, జానెడు లోతు.
ఒక్కోదాంట్లో ఒక అయస్కాంతం,
పైన నల్లటి జిగురు,
ఆపైన నా బూటు మడమ.

మా తాత ఈ నేలనే తొలిచాడు, రాగి కోసం.
ఆయన తీశాడు. నేను పెడుతున్నాను.

ఫిబ్రవరిలో తెల్లగీత ఎవరికీ కనపడదు.
కంటికీ కెమెరాకీ ఒకటే గుడ్డితనం.
అప్పుడు డ్రైవరు లేని బండి
పొట్టకింద ఇనుము చెప్పే మాట వింటూ పోవాలట.
డ్రాయింగు ఫీనిక్స్‌లో గీశారు.
అక్కడ మంచంటే గ్లాసులో వేసుకునేది.

గడ్డి కోసే బండి ఆపి లెంపీ హార్యు దిగింది.
చలికాలమైతే మంచు తోసే లారీ ఆవిడది,
ఇరవయ్యారేళ్ళుగా ఈ రోడ్డు మీదే.
థర్మాస్ మూతలో కాఫీ పోసిచ్చి
కాగితం తలకిందులుగా పట్టుకుని చూసింది.
"చేపలు పొగబెట్టే షెడ్డు మలుపు, ఇది తప్పు.
కొండ చెమ్మ అక్కడే కారి గడ్డకడుతుంది.
అందరం గజం ఎడమకి జరుగుతాం."
ఎక్కడ రాసుంది? అన్నాను.
నడుము కింద చరుచుకుంది:
"ఇదిగో, ఇక్కడ."

ఆ మలుపులో పదకొండు రంధ్రాలు
గీసిన చోట వెయ్యలేదు నేను.
ఎవర్నీ అడగలేదు.
అడిగితే మీటింగుకి మీటింగు పుట్టేది,
ఈలోపు మంచు దిగేది.

జనవరి ఆఖర్న
సుపీరియర్ సరస్సు మీంచి గాలి లేచింది.
లోకానికంతా సున్నం కొట్టేసినట్టయింది.
ముందు లెంపీ లారీ, వెనక ట్రయల్ కారు.
కారులో మనిషి లేడు.
సీట్లో ఇసుక బస్తా, దానికీ బెల్టు.

మలుపులో ఆవిడ ఎడమకి జరిగింది.
అద్దంలో చూసుకుంది.
వెనక దీపాలు రెండూ, కొంచెం ఆగి,
జరిగాయి.

రేడియోలో నాతో ఒకే ముక్క:
"ఎవడో చెప్పినట్టున్నాడు దానికి."
నేనేమీ అనలేదు. గరగర మాత్రం వినపడి ఉంటుంది.

ఏప్రిల్లో ఇన్‌స్పెక్టరు ఉత్తరం:
పదకొండు చోట్ల అమరిక లోపం. సరిచేయవలెను.
అదే వారం, కరిగిన నేల ఉబ్బి
ఒక అయస్కాంతాన్ని పైకి ఉమ్మేసింది.
తెచ్చి, కడిగి, తుడిచాను.

ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద
ఆ ఉత్తరాన్ని
అదే పట్టుకునుంది.